దీపం తగ్గిస్తేనే దారి కనబడుతుంది

పోయిన డిసెంబరు సెలవుల్లో మేం నలుగురం రెండు బైకుల మీద గండికోటకు బయల్దేరినాం. లోయ అంచున కూర్చొని సూర్యోదయం చూడాలని ప్లాను. ముద్దనూరు దాటేసరికి టైం నాలుగున్నర, ఇంకా మొబ్బుగానే ఉంది. ముందు బండి నేనే నడుపుతున్నా. హ్యాండిల్‌కు ఫోను బిగించి, మ్యాపు పెట్టుకొని, బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెంచినా. జమ్మలమడుగు రోడ్డు చిన్నప్పటి నుంచి తెలిసిందే. అయినా మ్యాపు ఎదురుగా ఉంటే అదొక ధైర్యం కదా!

ఒకచోట వెనక కూర్చున్న మావాడు నా భుజం మీద గట్టిగా చరిచి "రేయ్, ట్రాలీ! ట్రాలీ!" అని అరిచినాడు. బ్రేకు కొట్టి పక్కకు తిప్పినా. సగం రోడ్డు మీద, సగం మట్టిలో నిలిపిన ట్రాక్టర్ ట్రాలీ నా మోచేతికి జానెడు దూరంలో దాటిపోయింది. దానికి లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు. నిలిపిన వాణ్ణి తిట్టుకుంటూ ముందుకు పోయినాం. సూర్యోదయం చూసినాం, ఫోటోలు దిగినాం. కానీ ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. రోడ్డు ఒకటే, హెడ్‌లైటు ఒకటే. ముందున్న నాకు కనబడని ట్రాలీ, వెనక కూర్చున్న వాడికి ఎట్లా కనబడింది?

జవాబు ఇంట్లోనే దొరికింది. మా మామ లోకో పైలట్, గూడ్స్ బండి నడుపుతాడు. జరిగింది చెబితే ఆయన నవ్వలేదు.

"నీ ముందర ఫోను ఎలుగుతాంది. వానికి నీ ఈపు అడ్డం. అంతే గదరా! రాత్రిపూట ఇంజన్లో మేం లైటేసుకొని కూచుంటామా? ఏసుకుంటే అద్దంలో మా మొగమే కనపడ్తాది, సిగ్నల్ యాడ కనపడ్తాది? ఇమానం నడిపేటోళ్ళు గూడా అంతేనంట. పో, సదువుకో."

చదివినా. అట్లా చదివిందే ఈ వ్యాసం.

అద్దంలో మన మొగమే ఎందుకు?

రాత్రి రైల్లో ఏసీ బోగీలో ముద్దనూరు మీదుగా పోయినవాళ్ళకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. బోగీలో లైట్లు వెలుగుతున్నంతసేపూ కిటికీ అద్దంలో మనమే కనబడతాం. లైట్లు ఆర్పగానే, కలమల్ల వైపు ఆర్‌టీపీపీ పొగగొట్టాల మీది ఎర్ర దీపాలు ఒక్కసారిగా బయటపడతాయి. దీపాలు అంతకుముందూ ఉన్నాయి. మనకే కనబడలేదు.

మామూలు గాజు తన మీద పడిన వెలుతురులో ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. రెండు ముఖాలు కలిపితే 8 శాతం. పగలైతే ఈ 8 శాతం లెక్కలోకి రాదు, ఎందుకంటే బయటి వెలుతురు దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రాత్రి లెక్క తిరగబడుతుంది. లోపలి వెలుతురులో ఆ 8 శాతమే, బయటి చీకట్లోంచి వచ్చే కొద్దిపాటి కాంతిని మింగేస్తుంది.

విమానం కాక్‌పిట్ చుట్టూ ఉన్నవి అద్దాలే. లోపల ఎన్ని దీపాలుంటే అద్దం మీద అన్ని ప్రతిబింబాలు. రన్‌వే దీపాల మధ్య ఒక పరికరం ప్రతిబింబం కూడా తేలుతుంటే ఏది నిజమో తేల్చుకోవడానికి పైలట్‌కు ఆ క్షణంలో తీరిక ఉండదు. అందుకే రాత్రి కాక్‌పిట్‌లో మొదటి సూత్రం: చదవడానికి ఎంత వెలుతురు అవసరమో అంతే, అంతకుమించి వద్దు.

ఆ పొగగొట్టాల ఎర్ర దీపాలు కూడా అలంకారానికి పెట్టినవి కావు. 'ఇక్కడ ఎత్తైన కట్టడం ఉంది, జాగ్రత్త' అని పైలట్లకు చెప్పడానికి పెట్టినవి. మిద్దె మీద పడుకొని చిన్నప్పటి నుంచి మనం చూస్తున్న ఆ దీపాలు మన కోసం కాదన్నమాట, పైన పోయేవాళ్ళ కోసం. పైన పోయేవాడు వాటిని చూడాలంటే వాడి కాక్‌పిట్‌లో దీపం తక్కువగా ఉండాలి.

కంట్లో రెండు షిఫ్టులు

అద్దం సంగతి సగమే. మిగతా సగం కంట్లో ఉంది.

మన రెటీనాలో రెండు రకాల కణాలు పనిచేస్తాయి. శంకు కణాలు, అంటే కోన్స్, సుమారు 60 లక్షలు. ఇవి డే షిఫ్టు. రంగులు, సన్న అక్షరాలు, స్పష్టమైన అంచులు చూసేది ఇవే. కానీ వీటికి వెలుతురు బాగా కావాలి. దండ కణాలు, అంటే రాడ్స్, దాదాపు 9 నుంచి 12 కోట్లు. ఇవి నైట్ షిఫ్టు. రంగులు తెలియవు, అక్షరాలు చదవలేవు. కానీ నక్షత్రాల వెలుతురులో కూడా పనిచేస్తాయి.

దండ కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. ఇది వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుందని 1876లో ఫ్రాంజ్ బోల్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించాడు. వెలుతురులో ఖర్చైపోయిన రొడాప్సిన్ చీకట్లో మళ్ళీ తయారవుతుంది. ఆ తయారీకి విటమిన్ ఏ కావాలి. రెటీనాలో విటమిన్ ఏ ఉందని 1933లో కనిపెట్టిన జార్జ్ వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. రేచీకటి ఉన్నవాళ్ళకు ఆకుకూరలు, క్యారెట్, గుడ్డు తినమని మన ఊళ్ళలో చెప్పే మాట వెనక ఉన్న కెమిస్ట్రీ ఇదే.

అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఖర్చు క్షణాల్లో అయిపోతుంది, తయారీకి మాత్రం చాలా సమయం పడుతుంది. వెలుతురు నుంచి చీకట్లోకి పోతే శంకు కణాలు 5 నుంచి 10 నిమిషాల్లో సర్దుకుంటాయి. దండ కణాలు పూర్తిగా సిద్ధం కావడానికి 30 నిమిషాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే పడుతుంది. అట్లా సిద్ధమైన కన్ను పగటి కంటితో పోలిస్తే సుమారు లక్ష రెట్లు సున్నితంగా ఉంటుంది. ఇంత కష్టపడి సంపాదించుకున్న చూపును ఒక్క టార్చిలైటు వెలుగు చెడగొడుతుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలు.

ఇంకో చిత్రం ఉంది. మన చూపుకు సరిగ్గా మధ్యలో ఉండే ఫోవియా అనే చోట అన్నీ శంకు కణాలే, దండ కణాలు లేవు. అంటే బాగా చీకట్లో మనం దేన్ని సూటిగా చూస్తామో అదే కనబడదు! అందుకే రాత్రి మసక వస్తువును సూటిగా కాకుండా, 5 నుంచి 10 డిగ్రీలు పక్కకు చూడమని పైలట్లకు నేర్పుతారు. ఆకాశంలో మసక నక్షత్రాన్ని సూటిగా చూస్తే మాయమై, పక్కకు చూస్తే మళ్ళీ కనబడటం మీరూ గమనించే ఉంటారు.

ఆక్సిజన్ తగ్గితే ముందు దెబ్బతినేది కూడా ఈ రాత్రి చూపే. అందుకే చిన్న విమానాల్లో రాత్రిపూట 5,000 అడుగులు దాటితే ఆక్సిజన్ వాడటం మంచిదని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ సలహా ఇస్తుంది. పగలైతే అదే ఎత్తు పెద్ద లెక్క కాదు. సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా ఇదే నష్టం చేస్తుంది.

ఎర్ర దీపం వచ్చింది, పోయింది

తొలినాళ్ళ విమానాల్లో మీటర్ల ముల్లులకు, అంకెలకు రేడియం కలిపిన రంగు పూసేవాళ్ళు. దీపం అవసరం లేకుండానే చీకట్లో పచ్చగా మెరిసేవి. కానీ ఆ రంగు పూసే ఫ్యాక్టరీల్లో కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకున్న అమ్మాయిలు రేడియం విషంతో జబ్బుపడి చనిపోయారు. చరిత్రలో వాళ్ళను 'రేడియం గర్ల్స్' అంటారు. వెలుగుకు ఎవరో ఒకరు ధర చెల్లించాల్సి వచ్చిన కథ అది.

తర్వాత ఎర్ర దీపం వచ్చింది. దీని వెనక తర్కం మన ఇంజనీరింగ్ వాళ్ళకు నచ్చుతుంది. దండ కణాలు బాగా స్పందించేది సుమారు 507 నానోమీటర్ల కాంతికి, అంటే నీలి ఆకుపచ్చకు. 620 నానోమీటర్లు దాటిన ఎరుపు వాటికి దాదాపు కనబడదు. శంకు కణాలకు మాత్రం కనబడుతుంది. కాబట్టి ఎర్ర దీపంలో శంకు కణాలతో మీటర్లు చదువుకోవచ్చు, దండ కణాల నిద్ర చెడదు. ఒకే ఇంట్లో నైట్ షిఫ్టు వాడు పడుకొని ఉంటే, డే షిఫ్టు వాడు చప్పుడు చేయకుండా పని చేసుకున్నట్టు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వాల్టర్ మైల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే సూత్రంతో ఎర్ర కళ్ళద్దాలు తెచ్చాడు. రాత్రి ఎగరాల్సిన పైలట్లు వాటిని పెట్టుకొని దీపాలున్న గదిలోనే కూర్చొని కళ్ళను చీకటికి సిద్ధం చేసుకునేవాళ్ళు.

మరి ఇంత మంచి ఎర్ర దీపం ఇప్పటి ప్రయాణికుల విమానాల్లో ఎందుకు లేదు? మూడు కారణాలు. ఒకటి, ఎర్ర వెలుతురులో తెల్ల కాగితం ఎర్రగా కనబడుతుంది, దాని మీది ఎర్ర గీత కూడా ఎర్రగానే. అంటే మ్యాపు మీద ఎర్ర రంగుతో గుర్తించినదంతా మాయం. ఎరుపు పెన్నుతో రాసిన నోట్సును ఎర్ర సెల్లోఫేన్ కింద పెట్టి చూడండి, అర్థమవుతుంది. రెండు, ఎరుపు కాంతిలో దగ్గరి అక్షరాల మీద చూపు నిలపడానికి కన్ను ఎక్కువ కష్టపడాలి. వయసు నలభై దాటిన కెప్టెన్‌కు అది తలనొప్పి. మూడు, అంతా ఎర్రగా ఉంటే ప్రమాదాన్ని చెప్పే ఎర్ర దీపం ఎట్లా ప్రత్యేకంగా కనబడుతుంది?

అందుకే బాగా తగ్గించిన తెల్ల వెలుతురు వైపు మళ్ళారు. దండ కణాల చూపు కొంత పోతుంది, కానీ చదివింది తప్పు పోదు.

మిలిటరీలో కథ ఇంకో మలుపు తిరిగింది. నైట్ విజన్ గాగుల్స్ ఎరుపుకు, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌కు బాగా స్పందిస్తాయి. వాటి ముందు ఎర్ర దీపం పెడితే గాగుల్సే గుడ్డివైపోతాయి. అందుకని ఆ విమానాల్లో లోపలి దీపాలు నీలి ఆకుపచ్చవి. 2024 మేలో మన వాయుసేన సీ-130జే విమానం ఈ గాగుల్స్ సాయంతో తూర్పు సెక్టార్‌లోని ఒక ల్యాండింగ్ గ్రౌండ్‌లో రాత్రిపూట దిగింది. ఒకప్పుడు కంటికి మేలు చేసిన రంగే గాగుల్స్‌కు శత్రువైంది. చూసేవాడు ఎవడో తేలితే గానీ దీపం రంగు తేలదు.

అంతా చీకటిగా ఉంటే అంతా బాగున్నట్టు

ఇప్పటి కాక్‌పిట్‌లో మీటర్ల స్థానంలో స్క్రీన్లు వచ్చాయి. ఒక్కో స్క్రీన్‌కు ఒక్కో బ్రైట్‌నెస్ నాబు. ప్యానెల్ అక్షరాల వెనక వెలిగే దీపాలకు ఒక నాబు, పై నుంచి పడే ఫ్లడ్ లైటుకు ఇంకోటి, మ్యాపు చదివే లైటుకు మరోటి. ఎయిర్‌బస్ ఏ320లో హెచ్చరిక దీపాలకు కూడా 'బ్రైట్', 'డిమ్' అని స్విచ్ ఉంటుంది. సాయంత్రం బయల్దేరిన విమానం మూడు గంటలు పోయేసరికి పైలట్ ఈ నాబులు ఎన్నిసార్లు తిప్పుతాడో లెక్కలేదు. బయట చీకటి పెరిగేకొద్దీ లోపలి వెలుతురు తగ్గించుకుంటూ పోవడమే.

ఏ320 లాంటి విమానాల్లో 'డార్క్ కాక్‌పిట్' అనే ఆలోచన కూడా ఉంది. తల మీది ప్యానెల్‌లో అన్నీ మామూలుగా పనిచేస్తుంటే బటన్లలో దీపాలు ఉండవు. ఏదైనా వెలిగిందంటే నీతో పని ఉందని అర్థం. ఆంబర్ రంగైతే జాగ్రత్త, ఎరుపైతే వెంటనే చేయి కదలాలి. మన ఫోన్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అవసరం ఉన్నా లేకపోయినా వెలుగుతూనే ఉంటాయి.

రాత్రి టేకాఫ్, ల్యాండింగ్ ముందు ప్రయాణికుల క్యాబిన్‌లో లైట్లు తగ్గించడం చూసే ఉంటారు. అదీ ఇందుకే. ఏదైనా జరిగి చీకట్లోకి దూకాల్సి వస్తే మన కళ్ళు అప్పటికే కొంత సిద్ధంగా ఉండాలి.

దీపం పెంచాల్సిన వేళ

ఇంతవరకు చదివి 'ఎప్పుడూ తగ్గించడమే మంచిది' అనుకుంటే పొరపాటు. ఉరుములు మెరుపుల మేఘాల దగ్గర పైలట్లు లైట్లు పూర్తిగా పెంచుతారు. బోయింగ్ 777లో దీనికోసం 'స్టార్మ్' అని ప్రత్యేకంగా ఒక స్విచ్చే ఉంది. చీకటికి అలవాటైన కంటి మీద మెరుపు పడితే కాసేపు పరికరాలు కూడా కనబడవు. ముందే వెలుతురుకు అలవాటైన కన్ను ఆ దెబ్బ తట్టుకుంటుంది. అప్పుడు బయట చూసేది ఎట్లాగూ ఏమీ లేదు, లోపలి పరికరాలే దిక్కు.

లోపలి పరికరాలే దిక్కైనప్పుడు ఏమవుతుందో చెప్పే విషాదం మన దేశంలోనే జరిగింది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్ బయల్దేరిన ఎయిరిండియా 855, బోయింగ్ 747, 'ఎంపరర్ అశోక'. టేకాఫ్ అయిన రెండు నిమిషాల లోపే అరేబియా సముద్రంలో కూలింది. 213 మందిలో ఒక్కరూ మిగల్లేదు. విమానం ఎటు వాలిందో చూపే కెప్టెన్ ముందరి పరికరం తప్పు చూపించింది. పగలైతే కిటికీలోంచి సముద్రం అంచు చూసి తప్పు పట్టుకునేవాళ్ళు. ఆ రాత్రి బయట సముద్రం నలుపే, ఆకాశం నలుపే. వెలుగుతున్న పరికరాన్నే కెప్టెన్ నమ్మాడు. సరిగ్గా చూపుతున్న మిగతా పరికరాలూ అక్కడే ఉన్నాయి. వాటితో పోల్చి చూసుకునే లోపే విమానం ఎడమ వైపుకు పూర్తిగా వాలిపోయింది.

ఒక్క బల్బు

అన్నింటికంటే నన్ను ఆపేసింది ఇంకో సంఘటన. 1972 డిసెంబరు 29 రాత్రి, న్యూయార్క్ నుంచి మయామీ పోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401, లాక్‌హీడ్ ట్రైస్టార్. దిగే ముందు చక్రాలు దించారు. ముందు చక్రం దిగి లాక్ అయిందని చెప్పే పచ్చదీపం వెలగలేదు. విమానాన్ని 2,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్ మీద పెట్టి, కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ళంతా ఆ దీపం సంగతి చూడటంలో పడ్డారు. ఈలోగా ఎత్తును పట్టి ఉంచే ఆటోపైలట్ పని ఆగిపోయింది. ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా, ఎవరికీ తెలియనంత మెల్లగా కిందికి దిగుతూ పోయింది. కింద ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేల, ఒక్క దీపం లేదు. 176 మందిలో 101 మంది చనిపోయారు.

దర్యాప్తులో తేలిందేమంటే, చక్రం బాగానే దిగింది. మాడిపోయింది బల్బు.

ఇక్కడ తప్పు కంటి కణాలది కాదు, అద్దం ప్రతిబింబానిదీ కాదు. దగ్గర ఉన్న చిన్న దీపం మనసు మొత్తాన్ని లాక్కుంది, దూరంగా ఉన్న నేల కనబడలేదు. ఆరిపోయిన దీపం కూడా మనిషిని గుడ్డివాణ్ణి చేయగలదు.

మన రోడ్డు మీద

ఇప్పుడు ట్రాలీ దగ్గరికి వద్దాం. బైకు, విమానం ఒకటి కావు. హెడ్‌లైటు వెలుగుతుంటే మన కళ్ళు పూర్తి చీకటికి అలవాటు పడవు. కానీ హెడ్‌లైటు పడని రోడ్డు అంచుల్లో, మసక ఆకారాలు పసిగట్టే పని మిగిలిన రాత్రి చూపుదే. మొహానికి రెండడుగుల దూరంలో ఫుల్ బ్రైట్‌నెస్‌తో తెల్లటి మ్యాపు వెలుగుతుంటే ఆ కాస్త చూపూ పోతుంది. పైగా మ్యాపు మెరిసినప్పుడల్లా కన్ను అటే పోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు ఫోను చూస్తే 33 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. నా వెనకున్న వాడికి నా వీపు నీడ అయింది. వాడు రోడ్డే చూస్తున్నాడు. లెక్క అంతే.

ఒక చిన్న ప్రయోగం మిద్దె మీద చేసి చూడండి, బండి మీద మాత్రం వద్దు. లైట్లన్నీ ఆర్పి ఇరవై నిమిషాలు కూర్చోండి. తర్వాత ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో రెండు నిమిషాలు ఫోను చూడండి. ఫోను ఆర్పి, ఒక్కో కంటితో మార్చి మార్చి ఆకాశం చూడండి. మూసి ఉంచిన కంటికి నక్షత్రాలు కనబడతాయి, ఫోను చూసిన కంటికి నల్లటి ముసుగు వేసినట్టు ఉంటుంది. చీకటికి అలవాటు పడటం ఏ కంటికి ఆ కన్నే చేసుకునే పని. అందుకే అనుకోకుండా పెద్ద వెలుగు ఎదురైతే ఒక కన్ను మూసుకొని దాని చూపు దాచుకోమని పైలట్లకు చెబుతారు.

గండికోటకు తెల్లవారుజామున పోయేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ప్రొద్దుటూరు నుంచి పోయినా, ముద్దనూరు నుంచి పోయినా రోడ్డు మీద గొర్రెల మందలు, లైట్లు లేని ట్రాలీలు, మలుపులు ఉంటాయి. దారి ముందే చూసుకోండి. మ్యాపు తప్పదంటే మాటల్లో చెప్పించుకోండి, ఫోను జేబులో పెట్టండి. హ్యాండిల్ మీదే కావాలంటే డార్క్ మోడ్ పెట్టి, బ్రైట్‌నెస్ అడుగంటా తగ్గించండి. హెల్మెట్ అద్దం మీది గీతలు, దుమ్ము ఎదుటి లైటును పదింతలు చిమ్ముతాయి, తుడుచుకొని బయల్దేరండి. ఎదుటి బండి వస్తే డిప్ కొట్టండి. అవతలి వాడి కంట్లోనూ రొడాప్సినే ఉంది.

పోయిన నెల మళ్ళీ అదే రోడ్డు మీద పోయినాం. ఈసారి ఫోను జేబులో ఉంది. ముద్దనూరు దాటినాక కాసేపు బండి ఆపి, లైటు ఆర్పి నిలబడినాం. మొదట ఏమీ లేదు. పది నిమిషాలకు రోడ్డు పక్క కంపచెట్లు, దాని వెనక కొండ గీత, వెనక్కి తిరిగితే దూరంగా ఆర్‌టీపీపీ ఎర్ర దీపాలు ఒక్కొక్కటే తేలినాయి.

"ఇవన్నీ పోయినసారి యాడున్నాయిరా?" అన్నాడు మావాడు.

ఇక్కడే ఉన్నాయి. మన దీపమే అడ్డం ఉండింది.